కట్ట ఎవరి కొరకు?

విడివిడిగా పడియున్న వస్తువులను మనుష్యుడు ఒకచోట చేర్చి, త్రాటితో బిగించియో, మూటగట్టియో, గంపకెత్తియో, అది మొదలు వానినన్నింటిని ఒక్కటిగా లెక్కించుచు వ్యవహరించునప్పుడు, ఆ 'ఒక్కటి' అనునది నిజముగా పుట్టినదా, లేక అనేకములు అనేకములుగానే నిలిచియుండగా మన సౌకర్యమునకై మనము పెట్టుకొన్న పేరు మాత్రమా అను ప్రశ్న చూచుటకు అల్పముగా తోచును. కాని మన దర్శనకారులు తమ బుద్ధిబలమునంతయు వినియోగించి తరతరములుగా వాదించిన ప్రశ్న అది. ఏలయన కట్టెలమోపును గూర్చి చెప్పిన సమాధానమే తుదకు దేహమును గూర్చియు, కుటుంబమును గూర్చియు, జీవుని గూర్చియు చెప్పవలసివచ్చును. ఈ విచారమునకు గోదావరీతీరమందలి పర్ణశాలకంటె తగిన తావు నాకు తోచదు. ఒక ఆకులయింటి జ్ఞాపకము మీద వెలసిన ఊరది.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, దుమ్ముగూడెము మండలములో, నదియు అడవియు ఒరసికొనుచోట ఆ గ్రామమున్నది. సీతమ్మవాగు ఒడ్డున రంగుదేరిన రాళ్లను చూపి ఇవి ఆ తల్లి పసుపుకుంకుమలు రాచుకొన్న రాళ్లనియు, బండమీది చారలను చూపి ఇవి నారచీరలు ఆరవేసిన గురుతులనియు, ఆవలిగట్టు గుట్టను చూపి రావణుడు రథము నిలిపినది అక్కడనేయనియు స్థానికులు చెప్పుదురు. గోదావరి పొంగినప్పుడు ఆ నారచీరల చోటు నీట మునుగును, వరద తీసినంతనే యాత్రికులు మరల వత్తురు. పంచవటి నాసికవద్దనే కలదని వాదించువారితో ఇక్కడ నాకు తగవు లేదు. వాల్మీకి అరణ్యకాండములో కట్టించిన ఆ కుటీరము గోదావరి ఒడ్డున నిలిచినదనుటలో ఇరుపక్షములకును భేదము లేదు గదా. నా విచారమునకు అంతమాత్రము చాలును.

ఆ కుటీరనిర్మాణఘట్టమును మనవారు సామాన్యముగా త్వరత్వరగా చదివి, బంగారులేడి కొరకు ముందునకు సాగిపోవుదురు. కొంచెము నిలిచి చూడవలసిన ఘట్టమది. అనువైన చోటు చూడుమని రాముడు తమ్మునితో అన్నప్పుడు, నేర్పరియు చురుకైనవాడును అగు లక్ష్మణుడు వెంటనే నాలుగువైపులు పరికించి ఒక స్థలమును నిర్ణయింపడు; చేతులు జోడించి, నీవు నిలిచియుండగా నేను నూరేండ్లకైనను నీకు అధీనుడనే, ఇక్కడ కట్టుమని నీవే నాతో చెప్పుము, అనును. రాముడు అతని చేయి పట్టుకొని చోటు చూపును. ఆమీదట కవి ఆ యింటి ద్రవ్యములను ఒక్కొక్కటిగా పేర్కొనును: ప్రోగుచేసిన మన్ను, గట్టి స్తంభములు, పొడవైన వెదురుగడలు, మీద పరచిన జమ్మికొమ్మలు, వానిని బిగించిన దృఢమైన త్రాళ్లు, కప్పుటకు దర్భయు రెల్లును ఆకులును. అడవిలో అప్పటికే వెదురు ఉన్నది, జమ్మి ఉన్నది, రెల్లు ఉన్నది, ఆకులకు కొదువయే లేదు. అవి ఉన్నచోటనే ఉన్నంతకాలము ఇల్లు లేదు. లక్ష్మణుడు వానిని కోసి, మోపులుగా కట్టి, మోసి, పేర్చి, ముడివేసిన పిమ్మట ఇల్లు కలిగినది. ఎక్కడినుండి వచ్చినది ఈ యిల్లు?

వైశేషికుని అడిగిన, అవయవములలో సమవాయసంబంధముచేత అవయవి యను క్రొత్త పదార్థము పుట్టునని నిబ్బరముగా చెప్పును. దారములు వేరు, వస్త్రము వేరు, వస్త్రము దారములయందు ఆశ్రయించియుండు మరియొక వస్తువు. ఐతే అతడే ధాన్యపురాశిని గూర్చి అడిగినప్పుడు వెనుదీయును. రాశికి సంయోగమాత్రమే కలదుగాని అవయవిత్వము లేదనును. ఎదురుగానున్న బౌద్ధుడు ఈ వెనుకంజను గుర్తించి, రాశికి లేని ఏకత్వము వస్త్రమునకు మాత్రము ఎక్కడినుండి దిగివచ్చినదని నిలదీయును. న్యాయసూత్రములలో రెండవ అధ్యాయమున ఈ వివాదము అడవిని, సేనను దృష్టాంతములుగా గొని సాగినది: దూరమునుండి చూచువానికి చెట్లు వేర్వేరుగా కానరాక అడవి యొక్కటిగా కనబడునట్లే, పరమాణువుల గుంపు మనకు ఒక్క వస్తువుగా కనబడునని ఆక్షేపించువాడు అనును, విడిగా నొక్కటియు కంటికి ఆననివాని గుంపు మాత్రము ఎట్లు ఆనునని నైయాయికుడు బదులిచ్చును. వేదాంతసారకర్త సదానందుడు అదే అడవిని, అవే చెట్లను తీసికొని సమష్టివ్యష్టులను బోధించుటకు వాడుకొనెను. దుమ్ముగూడెపు అడవులలో పుట్టిపెరిగిన కోయవాడు ఈ పండితుల దృష్టాంతమును విన్నచో ఆశ్చర్యపడునేమో; అతనికి దూరమునుండి చూచు అడవి లేదు, ఈ ఇప్పచెట్టు, ఆ తునికిచెట్టు, వాగుమలుపున నున్న మద్దిచెట్టు ఉన్నవి. అయినను అతడును 'అడవికి పోవుచున్నాను' అనియే అనును.

ఈ వాదములో నన్ను ఎక్కువగా కదిలించినది మిళిందప్రశ్నములోని రథము. నాగసేనుడు యవనరాజును ఇరుసు రథమా, చక్రము రథమా, కాడి రథమా, అన్నియు కలిసి రథమా, అన్నింటికి వెలుపల రథమా అని అడిగి, దేనికిని ఔనని చెప్పలేని స్థితికి తెచ్చి, రథమనునది ఆ భాగములను ఆశ్రయించి వాడుకలో నిలిచిన పేరనియు, జీవుడనునదియు స్కంధములను ఆశ్రయించి నిలిచిన అట్టి పేరేయనియు అంగీకరింపజేసెను. శ్రీపర్వతమున నాగార్జునుని నిలిపికొన్న తెలుగునేలకు ఈ తర్కము పరాయిది కాదు. దీనిని ఖండించుటకు నేను పూనుకొనను; విడదీసి వెదకినచో రథము దొరకదన్నమాట సత్యము. కాని నాగసేనుడు ఆ ప్రశ్నపరంపరకు ముందు రాజును అడిగిన మొదటి ప్రశ్న మరియొకటి కలదు: నీవు కాలినడకను వచ్చితివా, వాహనము మీద వచ్చితివా? రాజు రథము మీద వచ్చితిననెను. ఇరుసును చక్రమును కాడిని విప్పి చూపించిన తర్కము, ఎక్కి వచ్చినవానిని మాత్రము ఆ భాగములలో చేర్చి లెక్కింపలేదు. ఎవరినో ఎక్కడికో చేర్చవలసియుండుటచేతనే ఆ కొయ్యలు కలిసినవి.

ఇచ్చటనే సాంఖ్యులు అందుకొందురు. ఈశ్వరకృష్ణుడు పురుషుడున్నాడని సాధించుటకు మొదట చూపిన హేతువు, సంఘాతమైనదెల్ల పరునికొరకే యుండుననుట. పట్టె, కోడు, పరుపు, దుప్పటి, తలగడ కలిసిన మంచము తన కొరకు తాను లేదు, తనలోని కోడు కొరకు పట్టె లేదు; పవళించు మరియొకని కొరకున్నదని వ్యాఖ్యాతలు వివరించిరి. మంచము దేహము కొరకే గదా, దేహమును సంఘాతమే గదా, కావున సంఘాతము మరియొక సంఘాతము కొరకే యున్నదనరాదా యను శంకను వారే లేవనెత్తి, అట్లనినచో ఆ పరంపరకు తుది యుండదనియు, ఎక్కడనో ఒకచోట సంఘాతము కాని పరుడు ఉండితీరవలెననియు నిర్ణయించిరి. భగవద్గీతయు పదుమూడవ అధ్యాయములో సంఘాతమును క్షేత్రపు లక్షణములలో చేర్చి, క్షేత్రజ్ఞుని దానికి వెలుపల నిలిపినది.

కట్ట యొక్క ఏకత్వము కట్టలో దొరకక, త్రాటిలో దొరకక, అది ఎవరి కొరకో యనుటలో దొరకునన్నంతవరకు నేను సాంఖ్యుల వెంట నిశ్చింతగా నడువగలను. తమ్ముడు కట్టిన యింటిని సీతతోకూడి చూచిన రాముడు అతనిని గట్టిగా కౌగిలించుకొని, ఇంతటి పనికి నేనీయగల బహుమానము ఈ కౌగిలియే యని, నా మనస్సు తెలిసిన నీవుండగా మన తండ్రి గతించినవాడు కాడని పలుకును. అడవిలోని వెదురుకును రెల్లునకును ఆ పలుకులతో నేమి సంబంధము? ఆ ముడులలో ప్రతిదియు మరియొకరి నిద్ర కొరకు, మరియొకరి నీడ కొరకు వేయబడినది. ఆ యిల్లు ఒక్కటియగుట దానివలననే. కాని సాంఖ్యులు చూపు ఆ పరుడు ఉదాసీనుడు. చూచును గాని చేయడు, కట్టినను చెదరినను అతనికి ఏమియు కాదు. అక్కడ నా నడక ఆగిపోవును.

ఎందుకనగా అరణ్యకాండమే మరికొంత ముందునకు పోయి మనకు రెండవ దృశ్యమును చూపినది. మారీచుని చంపి మరలివచ్చిన రాముడు పర్ణశాలను చేరును. స్తంభములు విరిగినవని కవి చెప్పడు, త్రాళ్లు తెగినవని చెప్పడు, కప్పు ఎగిరిపోయినదని చెప్పడు. జింకతోళ్లును దర్భలును చెదరియున్నవి, ఆసనములును చాపలును చిందరవందరగా పడియున్నవి, ఇల్లు శూన్యముగా నున్నది. రాముడు విలపించును, ఆ విలాపము చెట్టును చెట్టును అడుగుచు, లేడిని అడుగుచు, గోదావరిని అడుగుచు సాగును. వైశేషికుని లెక్కప్రకారము అవయవములన్నియు సమవాయముతో నిలిచియే యున్నవి గనుక అవయవి యున్నట్లే. లోకము లెక్కప్రకారము ఆ యిల్లు అప్పుడే పోయినది. 1986 ఆగష్టులో భద్రాచలము కడ గోదావరి 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు లేచినప్పుడు, మూటాముల్లె నెత్తికెత్తుకొని కదలివెళ్లి, నీరు తీసినపిమ్మట తిరిగివచ్చిన తీరగ్రామవాసులకు, గోడలు నిలిచియుండియు ఇల్లు లేకపోవుట యెట్టిదో ఏ వ్యాఖ్యానము లేకయే తెలియును. పోయినదానికి ఏడ్వగలవాడే ఈ 'పరుడు' అని నేననుకొందును. అట్లు ఏడ్వలేని సాక్షికొరకు లక్ష్మణుడు అన్ని ముడులు వేసియుండడు.

కట్టియున్నదే శూన్యమగుట పర్ణశాల చూపినచో, చెదరినదే ఒక్కటిగా నిలుచుటను అక్కడికి చేరువలోనే భద్రాచలము చూపుచున్నది. గోదావరి జిల్లాలలో కొందరు భక్తులు శ్రీరామనవమి కల్యాణము కొరకేయని సంకల్పించి వరి వేసి, కోసి, ఆ ధాన్యమును రోట దంపక, మరకు వేయక, ఒక్కొక్క గింజను గోటితో ఒలిచి బియ్యము చేయుదురు. గోటి తలంబ్రాలని వానికి పేరు. ఆ పనిలో గింజకు గింజయే లెక్క; ఒక్కొక్క గింజ మీద ఒక్కొక్క నిమిషము మనస్సు నిలుచును, పెదవిమీద రామనామముండును. భద్రాద్రిలో ఫాల్గుణపూర్ణిమనాడు పసుపు దంచి తలంబ్రాలు కలుపు వేడుక జరుగును. బియ్యమునకు పసుపును గులాలును కలిపి ఎఱ్ఱగా చేయుట అక్కడి సంప్రదాయము. కంచెర్ల గోపన్న కాలపు గోలకొండ ప్రభువైన తానీషా పేర చెప్పుకొను ఆచారము ననుసరించి ప్రభుత్వము నేటికిని పట్టువస్త్రములను ముత్యముల తలంబ్రాలను సమర్పించును. ఒక్కొక్కటిగా ఒలిచిన ఆ గింజ అన్నింటిలో కలిసిపోయిన తరువాత, ఇది ఎవరు ఒలిచినదని దానిని ఒలిచినవారును పోల్చుకొనలేరు. మిథిలాప్రాంగణములో సీతారాముల శిరస్సులమీద నుండి జారిన క్షణమునుండి ఆ రాశి విడిపోవుట ఆరంభమగును: దోసెడు, పిడికెడు, చిటికెడు. కొన్ని గింజలు కాగితపు పొట్లములలో, ఈ మధ్యకాలమున ఆర్టీసీ కార్గోవారి చేతిమీదుగా కూడ, ఊరూరికి చేరును. ఆ పొట్లము విప్పి కన్నులకద్దుకొను ముసలితల్లి తనకు తలంబ్రాలలో కొంతభాగము దక్కినదని అనుకొనదు. తలంబ్రాలు వచ్చినవనియే అనును. తర్కశాస్త్రము చొప్పున, రాశి చెదరినపిమ్మట దాని ఏకత్వమునకు నిలువనీడ ఉండరాదు. కాని ఇక్కడ కలిపినది త్రాడు కాదు గనుక విప్పుటకు ముడి లేదు. ఎవరి కొరకు పోసిరో ఆ సమర్పణము గింజగింజకును అంటియే యుండును.

ప్రభుత్వములును భూములను కట్టలుగా కట్టుచు, విప్పుచు, మరల కట్టుచునుండును. భద్రాచలప్రాంతము 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మములో చేరినది. 2014లో పోలవరము కారణమున మండలములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లోనికి పోగా భద్రాచలపట్టణము తెలంగాణములో మిగిలినది. 2016లో పర్ణశాల భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిదైనది. జటాయువు నేలకొరిగిన చోటని చెప్పుకొను ఎటపాక భద్రాచలమునకు కూతవేటులోనే యుండియు ఇప్పుడు మరియొక రాష్ట్రములో నున్నది. సీత నపహరించిన చోటు ఒక రాష్ట్రమునను, అడ్డగించిన పక్షి పడినచోటు మరియొక రాష్ట్రమునను చేరినను, యాత్రికుడు ఈ రెండింటిని ఒకే పూటలో, ఒకే దుఃఖముతో దర్శించుకొని పోవుచున్నాడు.

ఆ జటాయువు కడనే ఈ విచారము మరింత లోతునకు దిగవలసియున్నది. సీతను కాచెదనని మాటయిచ్చి, ఆ మాట కొరకు రెక్కలు తెగి పడిన ఆ వృద్ధగృధ్రమునకు రాముడు స్వయముగా కట్టెలు పేర్చి దహనము చేసెను, పిండము పెట్టెను, గోదావరిలో దిగి ఉదకమిచ్చెను. దేహమను సంఘాతము విడిపోయిన తరువాత, ఆ విడిపోయినవాని కొరకు బ్రదికియున్నవాడు మరల ఒక సంఘాతమును చేయుట, మెతుకు మెతుకును కలిపి ముద్దచేసి పిండమనుట, నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించు విషయము. పరుని కొరకు గాని సంఘాతము లేదన్న సాంఖ్యవాక్యము ఇక్కడ తలక్రిందులుగా నిజమగుచున్నది: సంఘాతము నశించిన పరుని కొరకు సంఘాతమును కల్పించుచున్నాము. పండ్రెండవనాటి సపిండీకరణములో ప్రేతపిండమును మూడుగా విభజించి, తండ్రితాతముత్తాతల పిండములతో కలిపి మెదుపుదురు. ఆ కలిపిన ముద్దలో క్రొత్తగా పోయినవాని మెతుకు ఏదియో తరువాత వెదకుటకు వీలుండదు. కర్త చేతివ్రేళ్లకు ఆ క్షణము బరువు తెలియును. ఇంతవరకు నాన్నగా ఒంటరిగా నిలిచినవాడు ఇక పితృదేవతలలో ఒకడు. విడదీయుటయు కలుపుటయు ఒకే చేతిలో జరుగు అట్టి కర్మ మరియొకటి నాకు తెలియదు. నాగసేనుడు ఎదురనున్నచో, ఈ కలిసినది ఎవరని అడుగును. అడుగవలసిన ప్రశ్నయే. కాని ఆ ముద్దను మెదుపు కొడుకు దుఃఖమును ఇరుసుగాను చక్రముగాను విప్పి చూపుట ఆయనకును శక్యము కాదనుకొందును.

ఇంతవరకు చెప్పిన ఉదాహరణములన్నింటిలోను కట్టువానికి తానెవరి కొరకు కట్టుచున్నాడో తెలియును. తెలియనిచోట ఏమగును? పర్ణశాల చుట్టునున్న అడవులలో ఎండలు ముదురు వేళ తునికాకు సేకరణము సాగును. ముందుగా కొమ్మలు కొట్టియుంచిన తునికిచెట్లకు క్రొత్త ఆకు పెరిగి, లేతదనము పోయి ముదురుదనము రాని దశలో, కోయకుటుంబములు తెల్లవారకమునుపే అడవికి పోయి కోసి తెచ్చి, చినిగినదానిని మచ్చపడినదానిని ఏరివైచి, 50 ఆకులను ఒక్క తీరుగా పేర్చి నారతో బిగించి కట్ట కట్టుదురు. కల్లము కడ కల్లేదారు ఆ కట్టలను లెక్కించి వరుసలుగా ఎండవేయించును; అట్టివి 1,000 కట్టలు చేరినచో ఒక స్టాండర్డ్ బ్యాగు, అనగా 50,000 ఆకులు. అమ్మమ్మ కట్టిన కట్టయు మనుమరాలు కట్టిన కట్టయు అక్కడ ఒకే విలువకు చెల్లును. ఆ ఆకు ఎక్కడికి పోవునో, ఏ ఊరి బీడీగా ఎవని వ్రేళ్ల నడుమ కాలునో కట్టినవారికి తెలియదు. కాల్చినవానికి ఈ చేతులు తెలియవు. ఇంతటి శ్రమతో, ఇంతటి పొందికతో చేసిన సంఘాతమునకు పరుడు కానరాకుండుట నాకు బాధ కలిగించును. కట్టకింతయని వెల నిర్ణయించు వ్యవహారము, కట్టలనే కాక కట్టినవారిని కూడ వేలలెక్కన చూచుటకు అలవాటుపడును. వెల సరిగా ముట్టినను ఆ లోటు ఉండియే తీరును, సరిగా ముట్టనినాడు అది అన్యాయముకూడ అగును.

ఆ కోయపల్లెలలోనే విజ్జ పండుమను విత్తనముల పండుగ కలదు. తొలకరికి ముందు, ఇంటింటినుండి తెచ్చిన విత్తనములను గ్రామదేవత ముందర నుంచి, పూజించి, పిమ్మట పంచుకొని పోయి తమ తమ చేలలో చల్లుకొందురు. ఆ పండుగ కానిదే విత్తు నేలను పడరాదు. తునికాకు కట్టిన చేతులే ఆ విత్తులను తెచ్చును. కల్లములో కనబడని పరుడు ఇక్కడ కనబడుచున్నాడు: ఎదురుగా దేవత, ప్రక్కనే పొరుగువాడు, రానున్న కారులో ఆ పంట తినబోవు బిడ్డ. అక్కడ ప్రోగయిన విత్తులు ఎంతసేపు ఒక్కటిగా నుండునని కొలిచినచో ఒక పూజసేపు మాత్రమే. తరువాత ఎవరి చేలోనివి వారి చేలో మొలచును. ఐనను ఆ యేటి పంట యంతయు ఆ పల్లె పంటయనియే వారు భావింతురు, క్రొత్త ధాన్యమును దేవతకు నివేదింపకమునుపు తమ నోట పెట్టుకొనరు.